రక్షణ పంక్తిలో వంతుల విధానము

ఫుట్‌బాల్ అనగానే మన కళ్లముందు మెదలునది కాలితో ఆడు బంతియాట. అమెరికా దేశస్థులు అదే పేరుతో పిలుచుకొను క్రీడ వేరు. దానియందు బంతిని చేతబట్టి పరుగెత్తుదురు, విసరుదురు, ఎదుటివారిని దేహబలముతో నిలువరింతురు. మన ఫుట్‌బాల్ పోటీలలో మైదానము వీడిన ఆటగాడు సాధారణముగా తిరిగి రాజాలడు. అక్కడ ఎన్నిమారులైనను పోయి రావచ్చును. వృత్తిక్రీడాకారుల సంఘమైన ఎన్.ఎఫ్.ఎల్. ఈ స్వేచ్ఛను 1950లో స్థిరపరచినది. ఈ చిన్న నియమము నుండి పుట్టిన వ్యూహమును ఇచట వివరింపదలచితిమి.

ఆ ఆట నిడివి 60 నిమిషములు. కాని అది ఎడతెగక సాగదు. కొద్ది క్షణములలో ముగియు ‘ప్లే’లుగా విడిపోవును. దాడి జట్టు నాలుగు ప్రయత్నములలో 10 గజములు ముందుకు సాగవలెను. వారిని అడ్డగించు 11 మందిలో ముందు వరుసన నిలుచు ముగ్గురు లేక నలుగురే రక్షణ పంక్తి. వారిలో పలువురి బరువు 130 కిలోలకు పైబడి ఉండును. ఎదుటి దాడి పంక్తికి బంతి ఎటు పోవునో ముందే తెలియును. రక్షకునికి తెలియదు. అతడు ఢీకొనవలెను, త్రోసివేయవలెను, ఆపై తరుమవలెను. అందుచేత దాడి పంక్తివారు ఆట అంతయు నిలువగలిగినను, రక్షకుడు త్వరగా అలసిపోవును.

కావున శిక్షకులు నలుగురి పనికి ఏడెనిమిది మందిని సిద్ధపరతురు. ఎవరెన్ని నిమిషములు ఆడిరని గాక, ఎన్ని ప్లేలు ఆడిరని లెక్కింతురు. పరుగును ఆపవలసిన వేళ బరువైనవారిని, బంతి విసరు క్వార్టర్‌బ్యాక్‌ను తరుమవలసిన వేళ చురుకైనవారిని పంపుదురు. ఉత్తమ ఆటగానికి సైతము నడుమ నడుమ విశ్రాంతి నిత్తురు. చివరి ఘట్టములో అతని కాళ్లలో బలము మిగిలియుండవలెనని వారి ఉద్దేశము.

దీనికి ప్రతివ్యూహము కూడ కలదు. దాడి జట్టు ఆటగాండ్రను మార్చినచో, రక్షణ జట్టుకును మార్చుకొను వ్యవధిని రిఫరీలు ఇత్తురు. మార్చక వెంటవెంటనే ఆడినచో ఆ వ్యవధి దొరకదు. అలసినవారు అలసినట్లే నిలువవలసి వచ్చును.

ఇందుకు రెండు తుదిపోటీలు సాక్ష్యములు. 2017 ఫిబ్రవరిలో హ్యూస్టన్ నగరమున అట్లాంటా జట్టు 28-3 ఆధిక్యములో నుండెను. కాని ప్రత్యర్థియైన న్యూ ఇంగ్లండ్ జట్టు ఆ రోజు 93 ప్లేలు ఆడినది. అట్లాంటా దాడి జట్టు ఆడినవి అందులో సగమే. రక్షకులు సొమ్మసిల్లిరి. అదనపు సమయములో 34-28తో ఓటమి తప్పలేదు. 2025 ఫిబ్రవరిలో న్యూ ఆర్లియన్స్‌లో ఫిలడెల్ఫియా జట్టు వెనుక వరుసలవారిని ముందుకు ఉరికింపక, కేవలము పంక్తి బలముతోనే కాన్సాస్ సిటీ క్వార్టర్‌బ్యాక్‌ను ఆరుమారులు పడగొట్టి 40-22తో గెలిచినది. వానిలో రెండు మిల్టన్ విలియమ్స్ చేసినవి. అతడు ఆ సంవత్సరమంతయు వంతులవారీగా ఆడినవాడే. కొన్ని వారములకే మరియొక జట్టు నాలుగేండ్లకు 10 కోట్ల 40 లక్షల డాలర్ల ఒడంబడిక నిచ్చి అతనిని చేర్చుకొనినది.

అయినను ఇది సులభమైన ఏర్పాటు కాదు. పడగొట్టిన లెక్కను బట్టి జీతములు నిర్ణయమగుచోట, ప్రక్కన కూర్చుండుట ఎవరికిని రుచింపదు. తన వంతు ఎప్పుడు వచ్చునో, ఎందులకు వచ్చునో ముందే తెలిసినవాడు సిద్ధముగా కూర్చుండును. తెలియనివాడు అవమానముతో కూర్చుండును. శిక్షకుని నేర్పు ఈ భేదములోనే ఉన్నది.

మన కళాశాల జట్లలో ఒకరిద్దరు సమర్థులను కడవరకు ఆడించి, మిగిలినవారిని గట్టుమీద ఉంచుట పరిపాటి. నియమములు అనుమతించు మేరకైనను వంతులను ముందుగా నిర్ణయించి ప్రకటింపవలెనని క్రీడాసమితి పెద్దలకు మా మనవి. గట్టుమీదివాడు మిగులు మనిషి కాడు. అలసిన మిత్రునికి బదులు నిలువవలసినవాడు.