పాత విమానం జాడ తీసేవాళ్లు

రోడ్డు లేని అడవిలో, సరస్సు మీదో గడ్డి నేల మీదో దిగి సామాను దించి మళ్లీ లేచిపోయే చిన్న విమానాలను బుష్ ప్లేన్లు అంటారు. వాటిలో బాగా పేరున్నది బీవర్. టొరంటో దగ్గరి డౌన్స్‌వ్యూలో డిహావిలాండ్ కెనడా కంపెనీ తయారుచేసిన ఈ విమానం 1947 ఆగస్టు 16న తొలిసారి గాల్లోకి లేచింది. 1967లో తయారీ ఆగిపోయింది. అయినా వందలాది బీవర్లు ఇవాళ్టికీ పనిలోనే ఉన్నాయి. కట్టిన 1,657 బీవర్లలో ఏది ఎక్కడుంది, ఏది కూలింది, ఏది మ్యూజియం చేరింది అని ఏళ్ల తరబడి ఆరా తీసే అభిమానులు చాలా దేశాల్లో ఉన్నారు. పైకి ఇది వట్టి సరదాగా కనిపిస్తుంది కానీ అందులో చాలా పని ఉంది.

ముందు ఒక చిక్కు తెలుసుకోవాలి. విమానం ఒంటి మీద పెద్దగా రాసి ఉండే అక్షరాలు దాని శాశ్వతమైన పేరు కాదు. అవి రిజిస్ట్రేషన్ గుర్తులు. మన దేశంలో వీటీతో, కెనడాలో సీతో, అమెరికాలో ఎన్‌తో మొదలవుతాయి. విమానాన్ని వేరే దేశంవాళ్లు కొంటే ఆ గుర్తు మారిపోతుంది. మారనిది ఫ్యాక్టరీ ఇచ్చిన వరుస సంఖ్య. దాన్ని ఒక చిన్న లోహపు పలక మీద చెక్కి విమానానికి బిగిస్తారు. జాడ తీసేవాళ్లు పట్టుకు వేలాడేది ఆ సంఖ్యనే.

బీవర్ల విషయంలో ఇది మరీ అవసరం. అమెరికా సైన్యం, వైమానిక దళం కలిసి దాదాపు 970 బీవర్లు కొన్నాయి. సైన్యంలో వాటికి వేరే నంబర్లు. అక్కడ పని అయిపోయాక చాలావాటిని పౌరులకు అమ్మేశారు. అలా ఒకే విమానం కొన్నాళ్లు కొరియాలో అధికారులను మోసి, తర్వాత అలాస్కాలో చేపల వేటగాళ్లను దించి, ఇంకో దేశంలో ఇంకో రంగుతో తేలవచ్చు. దేశదేశాల రిజిస్టర్లు, ప్రమాద నివేదికలు, పాత ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఆ మూడూ ఒకటేనని తెలియదు.

ఇన్నేళ్లు ఇవి ఎలా నిలిచాయి? డిజైన్ మొదలుపెట్టే ముందే కంపెనీవాళ్లు బుష్ పైలట్లను మీకేం కావాలని అడిగారు. అందుకే తలుపులు నిండు డ్రమ్మును దొర్లించి ఎక్కించేంత వెడల్పుగా ఉంటాయి. ఇంజన్ ఆయిల్ పోసే మూత పైలట్ గదిలోనే ఉంటుంది. ఎగురుతూనే ఆయిల్ పోసుకోవచ్చు. గడ్డకట్టే చలిలో బయట నిలబడి ముక్కు భాగం విప్పే బాధ లేదు. 450 హార్స్‌పవర్, తొమ్మిది సిలిండర్ల వాస్ప్ జూనియర్ ఇంజన్‌ను విప్పి బాగుచేయడం మెకానిక్‌లకు బాగా అలవాటైన పని.

పైగా కొత్త బీవర్లు రావు కాబట్టి నుజ్జయిన శరీరానికి కూడా విలువుంది. ఉప్పునీళ్లు తిన్న రేకు తీసేసి కొత్త రేకు వేస్తారు, రెక్క మారుస్తారు, ఇంజన్ మారుస్తారు. కొన్ని దశాబ్దాలు గడిస్తే ఫ్యాక్టరీలో బిగించిన భాగాలు కొద్దిగానే మిగులుతాయి. అయినా కాగితాల ప్రకారం అది పాత విమానమే. దానికి సాక్ష్యం ఆ పలక, దానితోపాటు వచ్చే లాగ్‌బుక్కులు. ఏది అసలు విమానం, ఏది పలక ఒక్కటే మిగిలిన విమానం అన్న దాని మీద అభిమానుల మధ్య గట్టి వాదాలే నడుస్తాయి. ఆ వాదాలు అవసరమని నా అభిప్రాయం.

పొలం విమానాల బతుకు ఇంకా కఠినం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత న్యూజిలాండ్‌లో, ట్రాక్టర్ ఎక్కలేని కొండల మీద సూపర్ ఫాస్ఫేట్ చల్లడానికి టైగర్ మాత్ విమానాలను దింపారు. యుద్ధకాలంలో మన బేగంపేటలో కుర్రవాళ్లు ఎగరడం నేర్చుకున్నది ఈ రకం విమానాల మీదే. న్యూజిలాండ్‌వాళ్లు ముందు సీటు తీసేసి అక్కడ ఎరువు తొట్టి పెట్టారు. నేలకు ఆనుకుని ఎగరాలి, ఎరువు లోహాన్ని తినేస్తుంది. అందుకే ఇలాంటి విమానాలు మిగలడమే కష్టం. తర్వాతి కాలంలో ఎరువు చల్లిన ఒక డీసీ-3 విమానం మాత్రం ఇప్పుడు అక్కడి టౌపో ఊళ్లో మెక్‌డొనాల్డ్స్ హోటల్ పక్కన నిలబడి ఉంది. లోపల కూర్చుని భోంచేయవచ్చు.

చరిత్ర రాసిపెట్టడం ప్రాణాలకు సంబంధించిన సంగతి కూడా. బీవర్ తర్వాత అదే కంపెనీ దానికంటే పెద్దదైన ఆటర్‌ను తయారుచేసింది. 2022 సెప్టెంబర్ 4న అమెరికాలో సియాటిల్ దగ్గర మ్యూటినీ బేలో ఒక ఆటర్ కూలి పదిమంది చనిపోయారు. తోకలోని అడ్డురెక్కను కదిలించే పరికరంలో ఒక మరను బిగించి ఉంచాల్సిన చిన్న లాక్ రింగు లేదని, దాంతో ఆ మర ఊడిపోయిందని దర్యాప్తులో తేలింది. ఆ రకం విమానాలన్నిటిలో రింగును తనిఖీ చేయాలని అధికారులు ఆదేశించారు. అరవై ఏళ్ల విమానంలో ఏ భాగాన్ని ఎవరు, ఎప్పుడు విప్పారో రాసి లేకపోతే ఇలాంటి లోపం మూలం పట్టుకోవడం చాలా కష్టం.

మొత్తం 466 ఆటర్లలో ఒక్కొక్కదాని కథను ఐర్లండ్‌కు చెందిన కార్ల్ హేస్ ఓపికగా పుస్తకంగా తెచ్చారు. భారత వైమానిక దళం కూడా ఆటర్లను వాడింది. వాటిని నడిపిన 41వ స్క్వాడ్రన్‌ను ఇప్పటికీ ఆటర్స్ అనే పిలుస్తారు.

మన దేశంలోనూ ఇలా వెతకాల్సిన విమానం ఒకటుంది. పంటల మీద మందు చల్లడానికి హెచ్‌ఏఎల్ తయారుచేసిన బసంత్ 1972 మార్చి 30న మొదటిసారి ఎగిరింది. 39 తయారయ్యాక 1980లో ఆపేశారు. 466 ఆటర్ల లెక్క తేల్చినప్పుడు 39 బసంత్‌ల లెక్క పెద్ద పని కాదు. నడిపిన పైలట్లు, బాగుచేసిన మెకానిక్‌లు చెప్పగలిగే స్థితిలో ఉండగానే ఒక్కొక్క నంబరు పక్కన దాని కథ రాయించుకోవాలి.