పాత బాకీ, కొత్త ఉద్యోగం

గత నెలలో ఒక ఆదివారం ఆరాధన ముగిశాక ఒక తండ్రి నన్ను పక్కకు పిలిచాడు. "అయ్యగారూ, మావాడికి బ్యాంకు ఉద్యోగం వచ్చేలా ఉంది. కానీ వాడి చదువు లోను రెండేళ్లు కట్టలేకపోయాం. రొయ్యల చెరువులు దెబ్బతిన్న రోజులవి. తర్వాత పొలం కుదువ పెట్టి మొత్తం తీర్చేశాం. ఇప్పుడది అడ్డొస్తుందా?" అని అడిగాడు. ఇదే ప్రశ్న మరికొన్ని ఇళ్లలోనూ ఉందని తెలిసి ఈ వారం దీని గురించే రాస్తున్నాను.

ముందు ఒక భయం తీసేద్దాం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో చేరేటప్పుడు నింపే ధ్రువీకరణ పత్రంలో ప్రధానంగా అడిగేది అరెస్టులు, కేసులు, శిక్షల గురించి. బ్యాంకులో అప్పు ఉండడం నేరం కాదు. అయితే చెక్కు బౌన్సు సంగతి వేరు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద అది క్రిమినల్ కేసు. రెండేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. ఫైనాన్సు వాళ్లకు సంతకం చేసిన ఖాళీ చెక్కులు ఇచ్చే అలవాటు మన వైపు ఇంకా పోలేదు. అలాంటి కేసు ఉంటే ఆ పత్రంలో రాయాల్సిందే. వివరాలు దాచడం నియామకం రద్దుకు దారితీయగలదని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం ఖాయమని కాదు, కేసు ఎలాంటిదో అధికారులు చూస్తారు. ఉద్యోగంలో చేరాక కూడా 1964 నాటి కేంద్ర ప్రవర్తనా నియమావళిలోని 17వ నియమం ఉంది. అప్పు వసూలు కోసం ఉద్యోగిపై కోర్టులో దావా పడితే ఆ సంగతి వెంటనే పై అధికారికి తెలియజేయాలి.

బ్యాంకు ఉద్యోగాల దగ్గర మాత్రం కట్టడి ఎక్కువ. జనం సొమ్ము చేతిలో పెట్టేవాడి సొంత లెక్క ఎలా ఉందో చూస్తారు. స్టేట్ బ్యాంకు ఒక అభ్యర్థి నియామకాన్ని సిబిల్ నివేదిక బాగాలేదని రద్దు చేస్తే, 2025 జూన్‌లో మద్రాసు హైకోర్టు దాన్ని సమర్థించింది. నోటిఫికేషన్ నాటికే బాకీలన్నీ తీర్చేశానని అతను చెప్పుకున్నా ఫలితం లేకపోయింది. నాకు ఇది కొంచెం కఠినంగానే తోచింది. అయితే ఈ షరతు మాటలు నోటిఫికేషన్‌కూ నోటిఫికేషన్‌కూ మారుతుంటాయి. బాకీ ఎగ్గొట్టిన చరిత్రే ఉండకూడదని ఒకచోట ఉంటే, నియామక పత్రం ఇచ్చేనాటికి తీర్చకపోతేనే అనర్హులని మరోచోట ఉంటుంది. ఐబీపీఎస్ ద్వారా చేరేవారు సిబిల్ రికార్డును సరిచేయించుకోవాలి, లేదా బాకీ లేదని అప్పిచ్చిన సంస్థ నుంచి పత్రం తేవాలి. కాబట్టి ఆ ఒక్క పేరా రెండుసార్లు చదవండి.

అమెరికాలో పౌరసత్వం తీసుకుని రక్షణ రంగంలో పనికి వెళ్లే మన పిల్లలకూ ఇలాంటి పరిశీలన ఉంటుంది. అక్కడ సెక్యూరిటీ క్లియరెన్స్ ఇచ్చేటప్పుడు అప్పులు చూస్తారు. ఉద్యోగం పోవడం, జబ్బు చేయడం లాంటివి కారణమై, అప్పు తీర్చే ప్రయత్నం నిజాయితీగా జరుగుతుంటే దాన్ని లెక్కలోకి తీసుకుంటారు.

ఇక చేయవలసింది. రిజర్వ్ బ్యాంకు ఆదేశం ప్రకారం సిబిల్ వంటి ప్రతి సంస్థా ఏడాదికి ఒక పూర్తి నివేదిక ఉచితంగా ఇవ్వాలి. పరీక్షకు దరఖాస్తు చేసే ముందే అది తీసి చూడండి. తగ్గించి కట్టి రాజీ చేసుకున్న అప్పు అందులో 'సెటిల్డ్' అని పడుతుంది. అది 'క్లోజ్డ్' కాదు. వీలైతే మిగతాదీ కట్టి మార్పించుకోండి. తప్పు కనబడితే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆపైన రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం మీకు రావాలి. ఇంకొకరికి జామీను సంతకం పెట్టి ఉంటే వాళ్ల బాకీ మీ నివేదికలోనూ కనబడవచ్చు. ప్రేమకొద్దీ పెట్టే సంతకాలు మన సంఘాల్లో తక్కువేమీ కాదు.

ఆ అబ్బాయి నివేదిక తీసి చూస్తే, తీరిపోయిన లోను ఇంకా బాకీగానే ఉంది. లోను ఇచ్చిన బ్రాంచికి వెళ్లి బాకీ లేదన్న పత్రం తెచ్చుకున్నాడు. ఫిర్యాదు పెట్టి నేటికి పన్నెండు రోజులు.