తెలిసిన పనే, వేళకు జరగదు

కరెంటు బిల్లు కట్టడానికి ఇప్పుడు నర్సీపట్నంలో ఎవరూ లైన్లో నిలబడక్కర్లేదు, ఫోన్లో రెండు నిమిషాల పని. అయినా డబ్బు చేతిలో ఉండి, గడువు తేదీ తెలిసి కూడా ఫ్యూజు పీకడానికి మనిషి వచ్చేదాకా కట్టనివాళ్లు ఉంటారు. బద్ధకం, పట్టింపులేనితనం అని తేల్చేస్తాం. వాళ్లలో కొందరి విషయంలో ఆ మాట పచ్చి అన్యాయం, వాళ్లకున్నది ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస కుదురుగా నిలవని జబ్బు. ఏడీహెచ్‌డీ చిన్నపిల్లల అల్లరికి పెట్టిన పేరనే చాలామంది అనుకుంటారు గానీ, పెద్దవాళ్లలోనూ నూటికి ఇద్దరు ముగ్గురికి ఉంటుందని వివిధ దేశాల్లో జరిగిన సర్వేల అంచనా. కవలల మీద జరిగిన అధ్యయనాలను బట్టి ఇందులో వంశపారంపర్యం వాటా 70 నుంచి 80 శాతం. ఏం చేయాలో వీళ్లకు బాగా తెలుసు. తెలిసిన పని వేళకు మొదలుకాదు, మొదలైనది చివరిదాకా సాగదు. అందుకే వీళ్లకు బుద్ధులు చెప్పి ప్రయోజనం లేదు. పని జరగాల్సిన చోటును, క్షణాన్ని మార్చాలి.

మర్చిపోవడం అందరికీ ఉన్నదే, ఫోన్లొచ్చాక ఎవరికి మాత్రం ధ్యాస నిలుస్తోంది అనేవాళ్లున్నారు. సబబైన ప్రశ్నే. సెల్‌ఫోన్ల ఊసే లేని 1902లో లండన్ వైద్యుడు జార్జ్ స్టిల్ ఇలాంటి పిల్లల గురించి ఉపన్యాసాలిచ్చాడు. మానసిక జబ్బుల నిర్ధారణకు వాడే 2013 నాటి డీఎస్ఎం-5 ప్రమాణాల ప్రకారమైతే లక్షణాలు పన్నెండేళ్లలోపే కనబడి ఉండాలి, ఇల్లు, పనిచేసే చోటు లాంటి కనీసం రెండు చోట్ల ఉండాలి, బతుకును దెబ్బతీస్తూ ఉండాలి. నిన్నమొన్న మొదలైన పరధ్యానం ఈ లెక్కలోకి రాదు. మరి క్రికెట్ మ్యాచ్ గంటల తరబడి కదలకుండా ఎలా చూస్తాడని ఇంట్లోవాళ్లు నిలదీస్తారు. జబ్బు తీరే అది. మనసు పట్టిన పనికి ధ్యాస దానంతటదే వస్తుంది, ముఖ్యమైన పనికి పిలిచినా రాదు.

బోస్టన్‌లో స్టీవెన్ సాఫ్రెన్ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ పనికొస్తుంది. మందులు వాడుతున్నా ఇబ్బంది తీరని 86 మంది పెద్దవాళ్లను రెండు జట్లు చేశారు. క్యాలెండరు, పనుల జాబితా వాడడం, పెద్ద పనిని ముక్కలు చేయడం, ధ్యాస చెదిరినప్పుడు వెనక్కి రావడం నేర్చుకున్న జట్టు, విశ్రాంతి పద్ధతులు నేర్చుకున్న జట్టు కంటే బాగా మెరుగుపడింది. మన ఇళ్లలో ఇది ఎలా ఉంటుందో చూద్దాం. మీటరు రీడింగు తీసే మనిషి బిల్లు చేతిలో పెట్టగానే, గుమ్మంలో నిలబడే కట్టేయాలి. లోపలికి తీసుకెళ్లి టీవీ మీద పెడితే ఆ కాగితం ఇక లేనట్టే. కాగితం మీద ‘ఇంటి పన్ను’ అని రాసుకుంటే ఆ పని కదలదు. ‘పాత రసీదులో అసెస్‌మెంటు నంబరు చూడాలి’ అని రాసుకుంటే కదులుతుంది.

మందులు అక్కర్లేదని కాదు, చాలామందికి బాగా పనిచేస్తాయి. అయితే ముఖ్యమైన మందు మిథైల్‌ఫెనిడేట్ గట్టి ఆంక్షలున్న మందుల జాబితా షెడ్యూల్ ఎక్స్‌లో ఉంది. డాక్టరు చీటీ రెండు ప్రతులు రాయాలి, ఒకటి మందుల షాపువాళ్లు రెండేళ్లు దాచాలి. 2020 టెలీమెడిసిన్ నిబంధనల ప్రకారం దాన్ని ఫోన్లో చూసి రాయకూడదు. అంటే నర్సీపట్నం మనిషి తేదీ గుర్తుపెట్టుకుని, సెలవు పెట్టుకుని, బస్సు అందుకుని డాక్టరును స్వయంగా కలవాలి. తేదీలు గుర్తుండకపోవడమే జబ్బైనవాడికి ఇది ఎంత కష్టమో నిబంధన రాసినవాళ్లు ఆలోచించాల్సింది. ఇదే జబ్బుకు వాడే మరో మందు అటామాక్సెటిన్‌కు ఈ ఆంక్ష లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్లు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది.

ఇన్ని ఆసరాలిస్తే మనిషి చేతకానివాడవుతాడని కొందరి భయం. మగవాళ్లకు ఈ ఆసరా ఎప్పటినుంచో అందుతూనే ఉంది. తాళాలెక్కడ పెట్టాడో అమ్మ చెబుతుంది, ప్రీమియం తేదీ భార్య గుర్తుచేస్తుంది. ఏడీహెచ్‌డీ ఆ భార్యకే ఉంటే? పిల్లల ఫీజు, గ్యాస్ బుకింగు, అత్తగారి మాత్రలు అన్నీ ఆమె తలలోనే ఉండాలి, ఆమెకు గుర్తుచేసేవాళ్లు ఉండరు. ఒక్కటి తప్పినా ఇల్లు దిద్దుకోవడం రాదన్న మాట పడుతుంది. చిన్నప్పుడు అల్లరి చేయకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చున్న ఆడపిల్లను అప్పుడూ ఎవరూ గుర్తించి ఉండరు. అందుకే ఏ పని ఎవరిదో మొగుడూ పెళ్లాం కాగితం మీద పంచుకోవడం కూడా చికిత్సలో భాగమే. డాక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసే వెళ్లాలి. చిన్ననాటి సంగతులు చెప్పడానికి, వీలైతే, ఆమె తల్లి కూడా.