కూతకొచ్చిన పుంజు.. గోడెక్కిన పెట్టలు

కంచికచర్ల: పొద్దున్నే గంప ఎత్తగానే కుర్ర పుంజు ఒక్క దూకు దూకుతుంది. గింజల కోసం వచ్చిన ముసలి పెట్టను మెడ పట్టి నేలకు అదుముతుంది. పెట్ట విడిపించుకుని గోడెక్కి కూర్చుంటుంది. మధ్యాహ్నమైనా మేతకు దిగదు. నాలుగు రోజులు ఇలాగే గడిస్తే గుడ్డు ఆగిపోతుంది.

కంచికచర్ల, పరిటాల, మోగులూరు వంటి మెట్ట ఊళ్లలో పెరటి కోడి ఇల్లాలి చేతి సొమ్ము. పొదిగి పిల్లలను లేపడం తెలిసిన పెట్ట పోతే అలాంటిది మళ్లీ దొరకడం కష్టం. అలాగని పుంజును కూరకు కోసేస్తే పిల్లలయ్యే గుడ్లు ఉండవు. రెండూ దక్కాలంటే కొద్ది రోజులు ఓపిక పట్టాలి.

ఎందుకీ దూకుడు?

పుంజు అయిదారు నెలలకు కూతకు వస్తుంది. ఒంట్లో వేడి ముందు వస్తుంది, మర్యాద తర్వాత వస్తుంది. ముదురు పుంజు గింజ కనబడితే తాను తినకుండా పెట్టలను పిలుస్తుంది. ఒక రెక్క నేలకు వాల్చి పెట్ట చుట్టూ తిరుగుతుంది. పెట్ట ఇష్టపడి వంగితేనే తొక్కుతుంది. కుర్ర పుంజుకు ఇవేమీ తెలియవు. తరిమి పట్టుకోవడమే తెలుసు.

ముసలి పెట్టలు దానికి లొంగకపోవడానికి కారణముంది. కోళ్లలో ఎవరు ఎవరిని పొడవవచ్చో ఒక వరస ఉంటుంది. నార్వే శాస్త్రవేత్త షెల్డెరప్ ఎబ్బె 1920ల తొలినాళ్లలోనే దీనిని వివరించాడు. నిన్నటి దాకా తమ పొడుపు తిన్న పిల్ల ఇవాళ మీదకొస్తే పెట్టలు ఊరుకోవు. మొదట్లో అవి తిరగబడి కొడితే కొట్టనివ్వాలి. పుంజుకు అదే బడి. ఒంటరిగా, ఈడు పిల్లల మధ్యనే పెరిగిన పుంజుకు ఈ చదువు ఉండదు. పందేనికని కట్టేసి పెంచిన జాతి పుంజును తెచ్చి ఒక్కసారిగా పెట్టల మధ్య వదిలితే ఇబ్బంది మరీ ఎక్కువ.

లెక్క చూసుకోవాలి

ఒక పుంజుకు ఎనిమిది నుంచి పది పెట్టలుంటే భారం పంచుకుంటాయి. రెండు మూడే ఉంటే వాటి వీపు మీద ఈక మిగలదు. ఈకలు రాల్చి కొత్తవి వేసుకుంటున్న పెట్టకు నొప్పి మరీ ఎక్కువ. మొలిచే ఈక కాడలో రక్తం ఉంటుంది. అలాంటి పెట్టను పుంజుకు దూరంగా ఉంచడం మేలు.

చేయవలసినవి

పొద్దున మేత వేళ పుంజును పెద్ద గంప కింద, నీడలో, నీళ్లు పెట్టి ఉంచాలి. పెట్టలు దానికి కనబడాలి. అవి కడుపునిండా తిని, గుడ్డు పెట్టి తిరుగుతున్నప్పుడు, మనిషి ఎదురుగా ఉండి కాసేపు వదలాలి. రోజు విడిచి రోజు వదిలినా నష్టం లేదు. పుంజును వేరు చేశాక కూడా వారం రోజుల పాటు పిల్లలయ్యే గుడ్లు వస్తాయి. ఉత్త గుడ్లకయితే పుంజుతో పనే లేదు.

మేత రెండు మూడు చోట్ల చల్లాలి. పెరట్లో ఒక తడికో, పాత మంచమో అడ్డం నిలబెడితే పెట్టకు చాటు దొరుకుతుంది. పుంజు కాలి ముల్లు మొన మాత్రమే అరగదీయాలి. లోపల ఎముక, రక్తం ఉంటాయి కనుక పీకరాదు.

పెట్ట రెక్క ఎత్తి పక్కలు చూడాలి. ముల్లు చీల్చిన గాయం ఈకల కింద దాగి ఉంటుంది. గాయపడిన దానిని వెంటనే వేరు చేయాలి. రక్తం కనబడితే మిగతా కోళ్లే పొడిచి చంపుతాయి. ఉప్పు నీటితో కడిగి పసుపు అద్ది, ఈగలు వాలకుండా చూడాలి. గాయం లోతుగా ఉంటే పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

పుంజును కర్రతో కొట్టడం, కాలితో తన్నడం పనికిరాదు. పోరుకు పిలిచినట్టు భావించి అది మరింత రెచ్చిపోతుంది. పిల్లల ముఖం మీదకు ఎగిరే పుంజును మాత్రం ఉంచుకోరాదు. కంటికి ప్రమాదం. దాని గుడ్లు పొదిగేయనూ కూడదు. కోపం పిల్లలకూ రావచ్చు.

ఏడాది నిండేసరికి చాలా పుంజులు నెమ్మదిస్తాయి. గింజ చూపి అది పిలిస్తే ముసలి పెట్టలు బెదరకుండా గోడ దిగి రావాలి. అప్పుడే అది ఇంటి పుంజు అయినట్టు.