అంకెలు పాటగా మారే చోటు



మన హాస్టళ్ళలో చదివి ఉద్యోగాల్లో చేరిన అన్నలు, అక్కలు ఇంటికి పంపగా మిగిలిన జీతంతో ముందుగా కొనుక్కునే వస్తువుల్లో లాప్‌టాప్, హెడ్‌ఫోన్ ఉంటాయి. ఇప్పుడు హాస్టల్లో ఉన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు కూడా కంప్యూటర్‌లో పాఠాలూ పాటలూ వింటున్నారు. వింటున్నప్పుడు సుయ్‌మని సన్నటి చప్పుడు వచ్చినా, పాట పలచగా వినిపించినా “మంచి డాక్ ఒకటి పెట్టండి, అంతా బాగైపోతుంది” అనే సలహా దొరుకుతుంది. అది కొన్ని వందల రూపాయల నుంచి లక్షల దాకా ఉంటుంది. ఏది కొనాలో అడగడానికి ఇంట్లో చదువుకున్నవాళ్ళు లేని మనలాంటి వాళ్ళకు దుకాణదారు మాటే వేదం అవుతుంది. అందుకే డాక్ అంటే ఏమిటో, ఎవరికి అవసరమో, ఎలా కలపాలో నాకు తెలిసినంతలో వివరిస్తాను.

డాక్ అంటే?

డప్పు మీద దెబ్బ పడగానే గాలిలో అల పుడుతుంది. మైకు దాన్ని విద్యుత్ అలగా మారుస్తుంది. కంప్యూటర్‌కు అలను అలాగే దాచుకోవడం రాదు, అంకెలే తెలుసు. కాబట్టి అల ఎత్తును క్షణక్షణం కొలిచి అంకెలుగా రాసుకుంటుంది. 1982లో మార్కెట్‌లోకి వచ్చిన ఆడియో సి.డి.లో సెకనుకు 44,100 కొలతలు ఉంటాయి. ఒక్కో కొలతను 16 బిట్లలో, అంటే 65,536 మెట్లలో ఏదో ఒక మెట్టుగా రాస్తారు.

ఈ 44,100 ఎందుకు? మనిషి చెవికి వినిపించేది సుమారుగా 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకే. ఒక అలను తిరిగి పూర్తిగా నిర్మించాలంటే దానిలోని అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలవాలి. నైక్విస్ట్, షానన్‌ల పేరు మీద ఉన్న సూత్రం ఇదే. 20,000కు రెట్టింపు 40,000. ఆ పైన కాస్త వెసులుబాటు కలిపితే సి.డి. లెక్క వచ్చింది.

దాచిన అంకెలను మళ్ళీ విద్యుత్ అలగా మార్చే చిప్పే డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్, పొట్టిగా డాక్. ఆ అలకు ఆంప్లిఫయర్ బలం ఇస్తుంది, స్పీకరు దాన్ని తిరిగి గాలిలోకి పంపుతుంది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. హెడ్‌ఫోన్ పిన్ను పెట్టుకునే జాక్ ఉన్న ప్రతి కంప్యూటర్‌లోనూ ఇప్పటికే ఒక డాక్ ఉంది. ఫోన్‌లో, టి.వి.లో కూడా ఉంది. బ్లూటూత్ హెడ్‌ఫోన్‌లో అయితే హెడ్‌ఫోన్ లోపలే ఉంటుంది కాబట్టి, బ్లూటూత్‌లో వినేవారు కంప్యూటర్‌కు వేరే డాక్ తగిలించినా ప్రయోజనం లేదు. కనుక మనం వేసుకోవలసిన ప్రశ్న “డాక్ కొనాలా?” అని కాదు, “ఉన్నది ఎందుకు చాలడం లేదు?” అని.

కొనే ముందు ఖర్చులేని పరీక్షలు

1. లాప్‌టాప్ ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద వినండి. చప్పుడు ఆగిపోతే అది కరెంటు దారిలో వస్తున్నది.

2. డెస్క్‌టాప్ అయితే ముందువైపు జాక్‌లో కాకుండా వెనకవైపు దాంట్లో పిన్ను పెట్టండి. ముందు జాక్‌కు వెళ్ళే సన్నటి వైరు పెట్టె లోపలి విద్యుత్ చప్పుళ్ళను పట్టుకుంటుంది.

3. అదే హెడ్‌ఫోన్‌ను మరో ఫోన్‌కు, మరో హెడ్‌ఫోన్‌ను మీ కంప్యూటర్‌కు పెట్టి చూడండి. లోపం ఏ వస్తువుతో పాటు కదులుతుందో ఆ వస్తువుదే.

4. పాట ఫైలును చూడండి. సి.డి.లో సెకనుకు 1,411 కిలోబిట్ల సమాచారం ఉంటే, 128 కిలోబిట్ల ఎమ్.పి.3లో ఉండేది దానిలో దాదాపు పదకొండో వంతు. ఫైలు తయారైనప్పుడే పోయినదాన్ని ఏ డాక్ కూడా తిరిగి తేలేదు. యాప్‌లో వినేవారు సెట్టింగ్స్‌లో ఆడియో నాణ్యత పెంచి చూడాలి.

ఈ నాలుగు పరీక్షల్లోనే చాలామంది సమస్య తేలిపోతుంది.

ఎవరికి అవసరం? ఏది ఎంచుకోవాలి?

మౌస్ కదిపినప్పుడల్లా హెడ్‌ఫోన్‌లో గరగర వస్తుంటే, లాప్‌టాప్ జాక్ పాడైతే, అసలు జాకే లేకపోతే, హెడ్‌ఫోన్‌కు చాలినంత శబ్దం రాకపోతే, అప్పుడు బయటి డాక్ ఉపయోగపడుతుంది. మామూలు హెడ్‌ఫోన్‌కు యు.ఎస్.బి.లో పెట్టుకునే వేలెడంత డాంగిల్ చాలు. అందులో డాక్‌తో పాటు చిన్న ఆంప్లిఫయర్ కూడా ఉంటుంది. కొనేటప్పుడు మూడు సంగతులు చూడండి.

మొదటిది, దానిలో నిజంగా డాక్ ఉందా అని. కొన్ని చవక టైప్-సి డాంగిళ్ళు ఫోన్ లోపలి డాక్ మీద ఆధారపడే వట్టి వైర్లు. అవి కొన్ని ఫోన్లలో పనిచేసినా లాప్‌టాప్‌లో సాధారణంగా పనిచేయవు. రెండోది, ఆన్‌లైన్ ఇంటర్వ్యూల కోసమైతే మైకు కూడా పనిచేస్తుందా అని. మైకు ఉన్న హెడ్‌ఫోన్ పిన్ను మీద మూడు నల్లటి గీతలు ఉంటాయి, దానికి సరిపోయే జాక్ కావాలి. మూడోది, డాక్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్ హెడ్‌ఫోన్ ఇంపిడెన్స్‌లో ఎనిమిదో వంతుకు మించకపోవడం మంచిది. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు 4 ఓమ్‌లు లేదా అంతకన్నా తక్కువ.

డబ్బా మీద 32 బిట్లు, 768 కిలోహెర్ట్జ్ అని పెద్ద అక్షరాల్లో ఉంటే మోసపోకండి. వినడానికి సి.డి. లెక్కే సరిపోతుంది. అదనపు బిట్లు ముఖ్యంగా స్టూడియోలో రికార్డు చేసేవారికి, మిక్సింగ్ చేసేవారికి పనికొస్తాయి.

కలపడం ఎలా?

డాక్‌ను యు.ఎస్.బి. పోర్ట్‌లో పెట్టాక సౌండ్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్‌గా దాని పేరును ఎంచుకోవాలి. ఇది మరిచిపోతే పాట పాత దారిలోనే వెళుతుంది, కొత్త వస్తువు పనిచేయలేదనుకుంటాం. విండోస్ 10లో 2017 నుంచి యు.ఎస్.బి. ఆడియో రెండో తరం డ్రైవర్ కూడా ఉంది కాబట్టి ఎక్కువ వాటికి విడిగా సాఫ్ట్‌వేర్ అవసరం లేదు.

ఆంప్లిఫయర్‌కు కలపాలంటే ఒకవైపు 3.5 మిల్లీమీటర్ల పిన్ను, మరోవైపు ఎరుపు, తెలుపు పిన్నులున్న వైరు కావాలి. ఎరుపు కుడికి, తెలుపు ఎడమకు. వాటిని ‘ఆక్స్’ లేదా ‘లైన్ ఇన్’ అని రాసి ఉన్న చోటే పెట్టాలి. ‘మైక్’ అని ఉన్నచోట పెడితే శబ్దం పగిలిపోతుంది. ఆంప్లిఫయర్ వాల్యూమ్ పూర్తిగా తగ్గించాకే వైర్లు కలపండి.

కలిపాక గుయ్యిమని మోత వస్తే, చాలాసార్లు దానికి కారణం గ్రౌండ్ లూప్. లాప్‌టాప్, ఆంప్లిఫయర్ వేర్వేరు ప్లగ్గుల నుంచి ఎర్త్ అయినప్పుడు ఆ రెండింటి మధ్య ఆడియో వైరులో కొద్దిపాటి కరెంటు పారుతుంది. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టి చూడండి. అప్పటికీ పోకపోతే ఆడియో వైరు మధ్యలో పెట్టే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అనే చిన్న వస్తువు దొరుకుతుంది. టి.వి.ని ఆప్టికల్ వైరుతో కలిపితే ఈ బాధే ఉండదు. అందులో వెళ్ళేది వెలుగు, కరెంటు కాదు. ఏం చేసినా సరే, ప్లగ్గు ఎర్త్ పిన్ను మాత్రం విరగ్గొట్టకండి. ఎర్త్ తీసేస్తే మోత పోవచ్చు, ప్రాణమూ పోవచ్చు.

వార్షికోత్సవాల్లో లాప్‌టాప్‌ను ఆంప్లిఫయర్‌కు తగిలించగానే వచ్చే మోత కూడా చాలావరకు ఇదే. హాస్టల్‌కు ఏదైనా ఇవ్వాలనుకునే పూర్వ విద్యార్థులు ఖరీదైన పరికరం వెతకనక్కరలేదు. ఒక డాంగిల్, ఒక మంచి వైరు, ఒక ఐసొలేటర్ ఇస్తే పిల్లల పాటలూ నాటికలూ శుభ్రంగా వినిపిస్తాయి.

చెవికి మారుచెవి లేదు

హెడ్‌ఫోన్లో పెద్దవాళ్ళు 80 డెసిబెల్స్ స్థాయిలో వారానికి 40 గంటలకు మించి వినకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 90 డెసిబెల్స్ అయితే వారానికి 4 గంటలే. పిల్లలకు ఇంకా తక్కువ. బలమైన డాక్ ఉంటే ఆ హద్దు తెలియకుండానే దాటిపోతాం.

డబ్బు ఖర్చు పెట్టే వరుస కూడా గుర్తుంచుకోండి. ముందు మంచి ఫైలు, తరువాత మంచి హెడ్‌ఫోన్ లేదా స్పీకరు, ఆ తరువాతే, అదీ అవసరమైతే, డాక్. పదివేల డాక్‌కు వంద రూపాయల ఇయర్‌ఫోన్ పెట్టడం కంటే, మంచి హెడ్‌ఫోన్‌ను ఉన్న జాక్‌లో పెట్టడం వెయ్యి రెట్లు మేలు.

మన ఇళ్ళలో ప్రతి వెయ్యి రూపాయల వెనుక ఎవరిదో కొన్ని రోజుల కూలి ఉంది. అది తీసి ఎవరి చేతిలోనైనా పెట్టే ముందు ఒక గంట కూర్చుని పరీక్షించి చూడండి. మనం చదివే ఫిజిక్స్ పరీక్ష హాలు దాటి పనికొచ్చేది ఇలాంటి చోటే. తెలుసుకున్నవారు పక్క మంచం వాళ్ళకూ చెప్పండి.