ఐలెట్స్‌ని ఫ్రిజ్‌లో ఎందుకు దాచలేం?

గంభీరావుపేట నుంచి మాట్లాడుతున్నా. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల గుంపులే ఐలెట్స్. దాత క్లోమం నుంచి వాటిని వేరుచేసి, కొందరు టైప్ 1 షుగర్ పేషెంట్లకు కాలేయంలోకి ఎక్కిస్తారు. మరి అప్పటిదాకా రక్తం బ్యాగులాగా ఫ్రిజ్‌లో పెడితే అయిపోదా? కాదు.

నర్మాల డ్యామ్ చేపల్ని ఒకే బకెట్‌లో కుక్కితే ఏమైతది? నీళ్లున్నా గాలి చాలక నోళ్లు తెరుస్తాయి. ఐలెట్‌దీ అదే బాధ. వేరుచేసేటప్పుడు రక్తనాళాలు తెగిపోతాయి. ఇక ఆక్సిజన్ చుట్టూ ఉన్న ద్రవంలోంచి మెల్లగా లోపలికి ఇంకాల్సిందే. పెద్ద ఐలెట్ అయితే నడిమధ్య కణాలే ముందు చస్తాయి. అందుకే వెడల్పాటి ఫ్లాస్కుల్లో పలుచగా పరుస్తారు, పైన ద్రవం లోతు తక్కువే ఉంచుతారు. అందులో గ్లూకోజ్, అమైనో ఆమ్లాలు, ఆల్బుమిన్ ఉంటాయి. చాలా ల్యాబుల్లో మొదట 37 డిగ్రీల దగ్గర తేరుకోనిచ్చి, తర్వాత 22కి దించుతారు. చల్లబడితే కణం ఆక్సిజన్ తక్కువ అడుగుతది.

ఇంత చేసినా మామూలుగా దొరికేది రెండు మూడు రోజులే. ఆలోపే ఇన్ఫెక్షన్ పరీక్షలు అయిపోవాలి, మనలాంటి ఊరి పేషెంట్ అయితే సిటీకి చేరుకోవాలి. ఆలస్యమైన కొద్దీ కణాలు తగ్గుతాయి. అసలే కొరత! 2000లో ఎడ్మంటన్‌లో షపిరో టీమ్ దాచకుండా వెంటనే ఎక్కించింది, ఏడుగురూ ఇన్సులిన్ మానగలిగారు. కానీ ఒక్కొక్కరికీ కనీసం ఇద్దరు దాతలు కావాల్సివచ్చింది.

2022లో మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్లు మంచు స్ఫటికాలు కట్టకుండా, గాజులాగా గడ్డకట్టించి తొమ్మిది నెలలు దాచారు. ఇది గనక ఆస్పత్రిదాకా వస్తే, ఇద్దరు ముగ్గురు దాతల ఐలెట్స్ కూడబెట్టి ఒకేసారి ఎక్కించొచ్చు.