ఫొటో కాపీ చేస్తే సున్నా బైట్లు: సీ ఫైళ్ల విశేషాలు

కొండగట్టు దగ్గర నాచుపల్లిలోని జగిత్యాల జేఎన్టీయూ కాలేజీలో కానీ, సిరిసిల్ల జేఎన్టీయూ కాలేజీలో కానీ ఆర్‌18 సిలబస్‌తో మొదటి ఏడాది చదివినవాళ్లకు సీ ల్యాబ్‌లో ఈ పని ఎదురై ఉంటుంది: ఒక ఫైలును ఇంకో ఫైలులోకి కాపీ చెయ్యాలి, అందులోని స్మాల్ లెటర్స్‌ను క్యాపిటల్స్‌గా మార్చాలి. టెక్స్ట్ ఫైలుతో ఈ ప్రోగ్రామ్ చక్కగా నడుస్తుంది. క్యాపిటల్స్ మార్చే లైను తీసేసి అదే ప్రోగ్రామ్‌కు ఒక ఫొటో ఇచ్చి చూడండి!

జేపెగ్ ఫొటో ఏదైనా సరే, మొదటి బైటు 255. ఫైలులోంచి ఒక్కో బైటు చదివే ఎఫ్‌గెట్‌సీ ఇచ్చిన విలువను చాలామంది ఒక్క బైటే పట్టే చార్ వేరియబుల్‌లో దాచుకుంటారు. మామూలు పీసీ మీద 255 చార్‌లోకి వెళ్లిందంటే మైనస్ 1 అయిపోతుంది. ఫైలు ముగిసిందని చెప్పే ఈఓఎఫ్ విలువ కూడా మైనస్ 1 కావడంతో లూపు మొదటి బైటు దగ్గరే ఆగిపోతుంది. కొత్త ఫైలు సైజు సున్నా, ఎర్రర్ ఒక్కటీ రాదు. రాస్ప్‌బెర్రీ పై లాంటి ఏఆర్ఎమ్ లైనక్స్ బోర్డు మీద కథ తిరగబడుతుంది. అక్కడ చార్‌లో మైనస్ విలువలు ఉండవు కాబట్టి ఈఓఎఫ్ ఎప్పటికీ దొరకదు, డిస్క్ నిండేదాకా ప్రోగ్రామ్ రాస్తూనే ఉంటుంది. రెండింటికీ మందు ఒకటే: చార్ బదులు ఇంట్. నా దృష్టిలో సీ నేర్చుకునే ప్రతి పిల్లాడికీ మొదట చెప్పాల్సిన మాట ఇది.

విండోస్‌లో ఫైలును బైనరీగా 'ఆర్‌బీ', 'డబ్ల్యూబీ' అని కాక టెక్స్ట్‌గా ఉత్త 'ఆర్', 'డబ్ల్యూ' అని తెరిస్తే ఇంకో చిక్కు ఉంది. రాసేటప్పుడు విలువ 10 ఉన్న ప్రతి బైటు ముందూ ఒక 13 వచ్చి చేరుతుంది. చదివేటప్పుడు 26 కనిపిస్తే ఫైలు అక్కడితో అయిపోయినట్టే. ఈ 26 అలవాటు 1970ల నాటి సీపీ/ఎమ్ ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి వచ్చింది. లైనక్స్‌లో మాత్రం టెక్స్ట్‌కూ బైనరీకీ తేడానే లేదు.

పీఎన్‌జీ బొమ్మ మొదటి ఎనిమిది బైట్లు 137, 80, 78, 71, 13, 10, 26, 10. అవి ఊరికే పెట్టినవి కావు. ఎవరైనా బైనరీని టెక్స్ట్‌గా కాపీ చేస్తే ఆ 13, 10, 26లలో ఏదో ఒకటి చెదిరి, ఫైలు పాడైందని వెంటనే తెలిసిపోవాలని 1990లలో ఆ ఫార్మాట్ తయారుచేసినవాళ్లు కావాలనే అలా పేర్చారు. ఎంత ముందుచూపు!

ఇక క్యాపిటల్స్ ప్రోగ్రామ్‌కు తెలుగు ఫైలు ఇస్తే? తెలుగులో రాసిన 'కోరుట్ల' యూటీఎఫ్-8 ఫైలులో 21 బైట్లు, 'జగిత్యాల' 24, 'సిరిసిల్ల' 27. అక్షరమైనా గుణింతమైనా పొల్లైనా తలా మూడు బైట్లే. 'క' అంటే 224, 176, 149. 127 దాటిన ఈ బైట్లలో ఇంగ్లిష్ స్మాల్ లెటర్ ఒక్కటీ ఉండదు కాబట్టి క్యాపిటల్స్ ప్రోగ్రామ్ వాటిని ముట్టుకోదు, మన ఊరి పేరు క్షేమంగా అవతలి ఫైలు చేరుతుంది. 1992లో రాబ్ పైక్‌తో కలిసి యూటీఎఫ్-8ను రూపొందించిన కెన్ థాంప్సనే, డెనిస్ రిచీ సీ భాషకు మూలమైన బీ భాషనూ తయారుచేశాడు.

  

అదే సీ ల్యాబ్‌లో ఇంకో లెక్క ఉంది: బైనరీ ఫైలులో పది పూర్ణాంకాలు దాచి, ఫైలులో కావలసిన చోటికి దూకించే ఎఫ్‌సీక్‌తో ఒకదాన్ని మార్చాలి. పదీ కలిపి 40 బైట్లు. సున్నా నుంచి లెక్కించే ఇండెక్స్ 3 కావాలంటే మొదటి 12 బైట్లు దాటి నేరుగా దూకడమే, 99 అయినా లక్ష అయినా పట్టే చోటు నాలుగు బైట్లే. టెక్స్ట్ ఫైలులో అలా కుదరదు. '99 7' అని ఉన్నచోట 99 మీద 100 రాస్తే మధ్యలోని ఖాళీ పోయి 1007 అవుతుంది.